పట్టాలు పోయినా కట్ట తెగలేదు

న్యూజిలాండ్‌లో రైలు వదిలేసిన 152 కిలోమీటర్ల దారిని సైకిళ్లకూ, కాలినడకకూ, గుర్రాలకూ ఇచ్చేశారు. ఖాళీ అవుతున్న పల్లెలకు ఆ దారే మళ్లీ దిక్కయింది.

1990 ఏప్రిల్ 30న న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఒక రైలు మార్గం మూతబడింది. సముద్రం ఒడ్డున ఉన్న డునెడిన్ నగరం నుంచి కొండలెక్కి, లోపలి మైదానాల మీదుగా సాగే ఒటాగో సెంట్రల్ లైను అది. ప్రయాణికుల బళ్లు అప్పటికే ఎప్పుడో ఆగిపోయాయి. ఆఖరి రోజుల్లో నడిచినవి గూడ్సులే.

ఒక లైను మూతబడ్డాక ఏం జరుగుతుందో ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే కథ. ముందు పట్టాలు తుక్కు కింద అమ్ముడవుతాయి. తర్వాత స్లీపర్లు కంచెలకూ పొయ్యిలకూ పోతాయి. ఆ తర్వాత కట్టను పక్కపొలం ఆసామి కొంత, ఊరి పంచాయతీ కొంత, రోడ్డు వేసేవాళ్లు కొంత కలిపేసుకుంటారు. పదేళ్లు గడిస్తే ఇక్కడ రైలు తిరిగేదని చెప్పడానికి పెద్దవాళ్ల జ్ఞాపకం తప్ప మరేమీ మిగలదు. ఒటాగోలో మొదటి రెండూ జరిగాయి. మూడోది జరగలేదు. ఆ మూడోది జరగకపోవడమే ఈ కథకు ప్రాణం.

42 ఏళ్ల కష్టం

1861లో గాబ్రియేల్స్ గల్లీ అనే లోయలో బంగారం బయటపడింది. ఆ కబురుకు ఒటాగో లోపలి ప్రాంతం ఒక్కసారిగా జనంతో నిండిపోయింది. జనం వచ్చారు కానీ వాళ్లకు దారి లేదు. గుర్రపు బళ్లు బురదలో కూరుకుపోయేవి, చలికాలంలో మంచు దారులు మూసేసేది. రైలు కావాలని అడగ్గా అడగ్గా 1879లో డునెడిన్ పక్కన వింగటుయ్ దగ్గర పని మొదలైంది. పార, గునపం, మందుగుండు, గుర్రపు బండి... ఇవే పనిముట్లు. మధ్యలో దేశానికి డబ్బు కరవొచ్చి పనులు నత్తనడక నడిచాయి. మిడిల్‌మార్చ్‌కు రైలు 1891లో, రాన్‌ఫర్లీకి 1898లో, క్లైడ్‌కు 1907లో చేరింది. ఆఖరి స్టేషన్ క్రామ్‌వెల్‌లో కూత వినపడేసరికి 1921. మొత్తం 236 కిలోమీటర్లకు 42 ఏళ్లు పట్టింది. తొలి గంపెడు మట్టి ఎత్తిన కూలీల్లో ఎంతమంది ఆఖరి స్టేషన్ చూశారో!

రైలు వచ్చేసరికి బంగారం తగ్గుముఖం పట్టింది. అయినా బోగీలు ఖాళీగా పోలేదు. గొర్రెలు, ఉన్ని, బొగ్గు, ఆప్రికాట్ పండ్లు, ఎగుమతికి కుందేళ్లు... ఆ ప్రాంతం పండించినదీ పెంచినదీ అంతా ఈ పట్టాల మీదే రేవుకు దిగింది. స్టేషన్ ఉన్నచోట పోస్టాఫీసు, పోస్టాఫీసు పక్కన సత్రం, సత్రం పక్కన కమ్మరి కొలిమి. ఊళ్లు రైలును పట్టుకుని పెరిగాయి.

ఈ లైనుకు ఒక చేదు తేదీ కూడా ఉంది. 1943 జూన్ 4న క్రామ్‌వెల్ నుంచి డునెడిన్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ హైడ్ ఊరి దగ్గర మలుపులో పట్టాలు తప్పింది. గంటకు 48 కిలోమీటర్లకు మించి పోకూడని చోట అది 110 దాటి పోతోంది. 21 మంది చనిపోయారు. పదేళ్ల తర్వాత తాంగివై ప్రమాదం జరిగే వరకూ ఆ దేశ రైల్వే చరిత్రలో అంత పెద్ద ప్రమాదం లేదు. డ్రైవరు మద్యం మత్తులో ఉన్నాడని తేలి జైలుకు వెళ్లాడు. హైడ్ దగ్గర రాళ్లు పేర్చి కట్టిన స్మారకం ఉంది. ఇప్పుడు ఈ దారిన సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు అక్కడ దిగి, కాసేపు ఆగి ముందుకు సాగుతారు.

లైను ఎందుకు మూతబడిందన్నది పెద్ద చిక్కుముడేమీ కాదు. 150 కిలోమీటర్లు దాటిన సరుకును రైల్లోనే పంపాలన్న నిబంధన ఆ దేశంలో ఉండేది. 1980ల మొదట్లో దాన్ని ఎత్తేయగానే లారీలు ఊరూరా దిగాయి. 1984లో వచ్చిన కొత్త ప్రభుత్వం రైతుల సబ్సిడీలను దాదాపు పూర్తిగా తీసేసింది. గొర్రెల మీద బతికే ప్రాంతానికి అది గట్టి దెబ్బ. కుర్రకారు నగరాలకు కదిలింది, బడుల్లో పిల్లలు తగ్గారు. క్లైడ్ దగ్గర కడుతున్న పెద్ద ఆనకట్టకు సామగ్రి మోయడానికి మాత్రమే రైలును కొంతకాలం బతికించారు. ఆనకట్ట పని చివరికి రాగానే రైలుకు పని లేకపోయింది.

ముక్కలు కానివ్వలేదు

డునెడిన్ వైపు చివరను, అంటే తైయెరి నది గండి వెంట మిడిల్‌మార్చ్ వరకు ఉన్న భాగాన్ని, డునెడిన్ నగరపాలక మండలి కొంది. ప్రజలూ చందాలు వేసుకున్నారు. గండి అందాలు చూపించే పర్యాటక రైలు కోసం అక్కడ పట్టాలు అలాగే ఉంచారు. మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్ వరకు ఉన్న మిగతా 152 కిలోమీటర్లలో పట్టాలు లేచిపోయాయి. మిగిలింది కంకర, కట్ట, కోతలు, 60కి పైగా వంతెనలు, 3 సొరంగాలు.

1993లో ఆ దేశపు పరిరక్షణ శాఖ (మన అటవీ శాఖ చేసే పనుల్లో చాలా దాని కిందికే వస్తాయి) ఈ మొత్తం పట్టీని ఒక్క చేతి కిందికి తీసుకుంది. మరుసటి ఏడాది స్థానికులు ఒక ట్రస్టు పెట్టుకున్నారు. శాఖది నేల, ట్రస్టుది చందాల సేకరణ, ఊళ్లను ఒప్పించే పని. 2000 ఫిబ్రవరిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా బాట తెరుచుకుంది. ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయిల్ అని దాని పేరు.

ఈ ఏడేళ్లూ సాఫీగా గడిచాయనుకుంటే పొరపాటే. కట్టకు అటూ ఇటూ ఉన్నవన్నీ గొర్రెల రైతుల భూములు. ఊరూ పేరూ తెలియని జనం తమ పొలాల మధ్య నుంచి పోతారంటే ఏ రైతుకైనా గుబులే. గేటు తీసి మూయకపోతే మంద చెల్లాచెదురవుతుంది. ఎండు గడ్డిలో ఒక్క సిగరెట్ పీక చాలు. గొర్రెలు ఈనే రోజుల్లో అలికిడైతే తల్లి పిల్లను వదిలి పరిగెడుతుంది. పైగా, అసలు సైకిల్ తొక్కడానికి ఇంత దూరం ఎవరొస్తారన్న అనుమానం. ఈ భయాల్లో ఏదీ ఉత్తుత్తిది కాదు. వాటికి జవాబు ఉపన్యాసాలతో దొరకలేదు, పనులతో దొరికింది. కంచెలు, మంద దాటే చోట గేట్లు, గేటు ఎలా ఉంటే అలాగే వదిలి వెళ్లాలనే కట్టుబాటు. ముందు కొన్ని ముక్కలు తెరిచి, వచ్చినవాళ్లను చూశాక ఊళ్లు మెత్తబడ్డాయి. తర్వాత్తర్వాత ఆ రైతుల ఇళ్లలోనే కొన్ని బాటసారుల బసలయ్యాయి.

రైలు కట్టనే పట్టుకుని ఇంత తాపత్రయం ఎందుకు, సైకిళ్లకు వేరే దారి వేయొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు వాలులో ఉంది. ఇనుప చక్రానికి ఇనుప పట్టా మీద పట్టు తక్కువ. నిటారుగా ఎక్కమంటే ఇంజన్ ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటుంది. అందుకే కొండ అడ్డొస్తే తొలిచారు, పల్లం అడ్డొస్తే కట్ట పోశారు, రెండూ కుదరని చోట చుట్టూ తిప్పారు. ఈ లైను మీద ఒక్క మీటరు ఎత్తు పెరగడానికి కనీసం 50 మీటర్ల దూరం పోవాలి. మోటారు రోడ్డు ఏదీ ఇంత మర్యాదగా కొండెక్కదు. బాటలో అన్నిటికన్నా ఎత్తైన చోటు, వెడర్‌బర్న్ దగ్గర, సముద్ర మట్టానికి 618 మీటర్ల ఎత్తున ఉంది. అయినా ఎక్కుతున్నట్టు కాలికి తెలిసేది తక్కువ. పదేళ్ల పిల్ల, డెబ్బయి ఏళ్ల తాత ఒకే దారిన ఒకే రోజు తొక్కగలరు. ఈ వాలును ఇవాళ కొత్తగా తయారు చేయాలంటే అయ్యే ఖర్చు ఎవరూ పెట్టలేరు. 42 ఏళ్ల చెమటతో దాన్ని ముందే చేసిపెట్టారు. దాన్ని అతుకుల్లేకుండా ఉంచుకోవడమే మిగిలిన పని. మధ్యలో ఒక్క అర కిలోమీటరు అమ్మేసినా, ఒక్క వంతెన తుక్కుకు వేసినా, ఆ అటూ ఇటూ ముక్కల విలువ సగానికి సగం పడిపోయేది.

కంకర, పలక, కమ్మి

కట్టను సైకిల్ బాటగా మార్చడంలో గొప్ప ఇంజనీరింగ్ ఏమీ లేదనిపిస్తుంది, దగ్గరకు వెళ్లి చూసేదాకా.

రైలు కంకర కోణాలు తేలిన పెద్ద రాయి. బండి అదురుకు చెదరకుండా ఒకదాన్నొకటి కరిచి పట్టుకోవాలని దాన్ని కావాలనే అలా పగలగొడతారు. బరువైన స్లీపరుకు అది మంచి పరుపు. సన్నటి సైకిల్ చక్రానికి మాత్రం శత్రువు. రాయి దొర్లుతుంది, చక్రం పక్కకు లాగేస్తుంది, అరగంటలో చేతులు మొద్దుబారతాయి. అందుకని పాత కంకరను పునాదిగా ఉంచి, పైన సన్నరాయి పరిచి అణిచారు. కింద పెద్దరాయి ఉండటం వల్ల వాన నీరు ఇట్టే ఇంకిపోతుంది. రైలు రోజుల్లో కట్టిన తూములు ఇప్పటికీ వాటి పని అవి చేస్తున్నాయి.

వంతెనల దగ్గర మరో సమస్య. రైలు వంతెన మనిషి కోసం కట్టింది కాదు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య సందు, ఆ సందులోంచి ఎక్కడో కింద నది. గ్యాంగ్‌మన్లు అలవాటు కొద్దీ చూపు ఎదురుగా పెట్టి దాటేసేవారు. కొత్తవాళ్లకు కాళ్లు వణుకుతాయి. ఒక్కో వంతెన మీదా చెక్క పలకలు ఆనించి పరిచారు, రెండు పక్కలా నడుమెత్తున కమ్ములు బిగించారు. పాత రాతి దిమ్మెలు, ఇనుప దూలాలు అలాగే ఉన్నాయి. ఆ దిమ్మెల రాయి శిస్టు, పొరలు పొరలుగా చీలే ఆ నేల రాయే. కొండలో ఏ రంగు ఉందో వంతెన కాళ్లకూ అదే రంగు.

గ్యాంగ్‌మన్ల పాకల నమూనాలో దారి పొడవునా చిన్న గుడిసెలు వేసి, లోపల ఆ చోటు కథ రాసి పెట్టారు. వాన పడితే తలదాచుకోవచ్చు, ఎండ మండితే నీడన కూర్చోవచ్చు. ఎండా చలీ అక్కడ గట్టిగానే ఉంటాయి. సముద్రానికి దూరం కావడంతో ఒటాగో లోపలి ప్రాంతంలో వేసవి కాలుస్తుంది, చలికాలం గడ్డ కట్టిస్తుంది. బాటకు దగ్గర్లోని ఓఫిర్ పల్లెలో 1995 జులైలో మైనస్ 21.6 డిగ్రీలు నమోదైంది.

పూల్‌బర్న్ గండి

క్లైడ్ వైపు నుంచి బయల్దేరితే మొదట ముక్కుకు తగిలేది థైమ్ వాసన. బంగారు వేటగాళ్లు తెచ్చి నాటుకున్న ఆ మొక్క అలెగ్జాండ్రా చుట్టూ కొండల మీద అడవిలా అల్లుకుపోయింది. మన వాములో ఘాటు పుట్టించే థైమాలే దానిలోనూ ఉంది కాబట్టి తెలుగువాళ్ల ముక్కుకు అది పరాయి వాసన కాదు, వంటింట్లో పోపుల డబ్బా తెరిచినట్టే ఉంటుంది. చాటో క్రీక్ దాటాక దారి టైగర్ హిల్ అనే కొండను పెద్ద వంకతో చుట్టి ఎక్కుతుంది. ఒమాకావు, లాడర్ వస్తాయి. రోడ్డు అక్కడ బాటను వదిలి తన దారిన పోతుంది.

లాడర్ తర్వాతే ఈ దారికి కిరీటం లాంటి చోటు, పూల్‌బర్న్ గండి. మోటారు రోడ్డు ఇక్కడికి రాదు. సైకిల్ మీదో, కాలినడకనో, గుర్రం మీదో వచ్చినవాళ్లకే ఇది కనపడుతుంది. ముందు మనుహెరికియా నది మీద పొడవాటి వంతెన. తర్వాత కొండ అంచున సన్నగా చెక్కిన దారి. ఆ తర్వాత ఒకటి వెనక ఒకటి రెండు సొరంగాలు, ఒకటి 229 మీటర్లు, ఇంకొకటి 201. లోపల దీపాలు లేవు. టార్చి వేసుకుని నడిచేవాళ్లకు గోడ మీద ఉలి దెబ్బలూ మందుగుండు రంధ్రాలూ ఒక్కొక్కటే కనపడతాయి. మండువేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది. బయటికి వస్తే పూల్‌బర్న్ వంతెన. 37 మీటర్ల ఎత్తు, 108 మీటర్ల పొడవు. 1904 నాటిది. దిగువన వాగు, పైన గద్దలు, కనుచూపు మేరలో ఒక్క ఇల్లు లేదు. గుడారాల్లో ఉంటూ, గడ్డకట్టే చలిలో ఆ దిమ్మెలు పేర్చినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. అక్కడి గాలిలో మాత్రం వాళ్ల పని నూరేళ్లు దాటి నిలబడి ఉంది.

గండి దాటితే ఐడా లోయ. అందులో ఒటురెహువా. చిన్న పల్లె, కానీ అందులో ఆగకుండా పోతే ఈ ప్రయాణం సగమే. ఎర్నెస్ట్ హేస్ అనే మిల్లు పనివాడు 1895లో ఇక్కడ ఒక వర్క్‌షాపు పెట్టాడు. కుందేళ్లకు మందు పెట్టే పరికరంతో మొదలుపెట్టి, కంచె తీగను బిగించే పనిముట్ల దాకా వెళ్లాడు. అతను చేసిన తీగ బిగించే యంత్రం దేశాలు దాటి అమ్ముడుపోయింది. అయితే అమ్మిపెట్టింది భార్య హానా. తొమ్మిది మంది పిల్లల తల్లి. సైకిలెక్కి, మట్టిదారుల్లో, ఎదురుగాలిలో, రైతుల గుమ్మాలు తొక్కి ఆర్డర్లు తెచ్చేది. ఆ దారిన సైకిళ్లు బారులు తీరడానికి సుమారు నూరేళ్ల ముందే ఆ లోయలో ఒక ఆడమనిషి బతుకుదెరువు కోసం సైకిల్ తొక్కింది. ఆ వర్క్‌షాపు ఇప్పుడు వారసత్వ కట్టడం. బెల్టులు, కప్పీలు, కమ్మరి కొలిమి ఎక్కడివక్కడే ఉన్నాయి. బాట లేకపోతే అంత మారుమూలకు చూడటానికి వచ్చేవాళ్లు ఎంతమంది?

వెడర్‌బర్న్‌లో ఆకుపచ్చ గూడ్సు షెడ్డు ఒకటుంది. గ్రాహమ్ సిడ్నీ అనే చిత్రకారుడు 1975లో దాని బొమ్మ గీశాడు. ఖాళీ మైదానం, చలికాలపు వెలుగు, మధ్యలో ఆ షెడ్డు. దేశమంతా ఎరిగిన చిత్రమైంది. రైలు పోయాక షెడ్డును ఎవరో తరలించుకుపోయారు. ఊరివాళ్లు దాన్ని వెతికి తెచ్చి, ఉన్నచోటే మళ్లీ నిలబెట్టారు. ఆ పని చేసినవాళ్లకు పర్యాటకుల లెక్కలు అప్పటికి తెలియవు. ఊరి ముఖం ఊళ్లోనే ఉండాలనుకున్నారు, అంతే.

నెమ్మదిగా పోయేవాడి ఖర్చు

మిడిల్‌మార్చ్ నుంచి క్లైడ్‌కు కార్లో రెండు గంటలు చాలు. మధ్యలో ఊళ్లు అద్దంలోంచి కనపడి వెనక్కి పోతాయి. సైకిల్ మీద అదే దూరానికి మూడు నుంచి ఐదు రోజులు. తొక్కేవాడికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, చీకటి పడేసరికి ఒక మంచం, వేడినీళ్లు, తడిబట్టలు ఆరేసుకునే తీగ కావాలి. మరునాడు పొద్దున్న బట్టల సంచిని తర్వాతి ఊరికి చేర్చే వ్యాను కావాలి. సైకిల్ చెడితే బాగుచేసే చెయ్యి కావాలి. ఇవన్నీ ఆ ఊళ్లవాళ్లే ఇవ్వగలిగినవి. మూతబడ్డ బడులు, ఉన్ని కత్తిరించే పాకలు బసలయ్యాయి. తాళం పడబోయిన సత్రాలు మళ్లీ పొయ్యి వెలిగించాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఈ డబ్బు పంచుకున్న తీరు. ఒక బీచ్, ఒక జలపాతం, ఒక కోట చూడటానికి జనం వస్తే లాభమంతా ఆ ఒక్కచోటే పోగుపడుతుంది. భూముల ధరలు పెరిగి, పాతవాళ్లు అమ్ముకుని పోతారు. రైలు దారి అలా కాదు. గుర్రపు బండి మీద ఉన్ని తెచ్చి అప్పజెప్పిన రైతు పొద్దుగూకే లోపు ఇల్లు చేరాలి కాబట్టి అప్పట్లో స్టేషన్లు దగ్గర దగ్గరగా పడ్డాయి. ఆ ఎడమే ఇవాళ సైకిల్ తొక్కేవాడికి సరిగ్గా సరిపోతోంది. ఏ ఊరూ మరీ ఎక్కువ తినలేదు, ఏ ఊరూ పస్తులుండలేదు.

లోటుపాట్లు లేవని కాదు. జనం వచ్చేది వేసవి చుట్టూ ఉన్న నెలల్లోనే. చలికాలం వస్తే వంటమనిషికీ వ్యాను డ్రైవరుకూ పని పలచబడుతుంది. సన్నరాయి ఏటా అరుగుతుంది, మంచుకు ఉబ్బి పగులుతుంది, వంతెన పలకలు పుచ్చిపోతాయి. దారిన పోవడానికి టికెట్ లేదు, అది మంచిదే, కానీ మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. ఆ చందాల పెట్టె ఖాళీ కాకుండా చూడటం ట్రస్టుకు నిత్యం ఉండే బరువు. బాట వేసిన రోజు ఫొటో అందరూ దిగుతారు. ఇరవయ్యేళ్లు దాన్ని కాపాడేవాళ్లకు ఫొటోలు ఉండవు.

2009లో ఆర్థిక మాంద్యానికి విరుగుడుగా న్యూజిలాండ్ ప్రభుత్వం దేశమంతా సైకిల్ బాటలు వేయాలని 5 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు, చూపించడానికి ఎదురుగా ఉన్న ఉదాహరణ ఇదే. ఇప్పుడు అలాంటి పెద్ద బాటలు ఆ దేశంలో 23 ఉన్నాయి.

అమ్ముకున్నవాళ్లు, ఆపుకున్నవాళ్లు

కట్టను ముక్కలు చేస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. 1963లో రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లను, సుమారు 8 వేల కిలోమీటర్ల దారిని మూసేయమంది. అందులో చాలా భాగం మూసేశారు కూడా. స్టేషన్లు ఇళ్లయ్యాయి, కోతలు చెత్తతో నిండాయి, వంతెనలు తుక్కయ్యాయి. తర్వాత మేలుకున్నవాళ్లకు మిగిలింది తునకలే. అయినా బ్రిస్టల్‌లో కొందరు ఊరుకోలేదు. 1977లో అక్కడ సైకిల్‌బాగ్ అనే బృందం పుట్టింది. 1979లో స్వచ్ఛంద కార్యకర్తలు పారలు పట్టుకుని బాత్ వైపు నుంచి పాత కట్ట మీద బాట వేయడం మొదలుపెట్టారు. 1986కు రెండు నగరాల మధ్య 21 కిలోమీటర్ల దారి పూర్తయింది. బ్రిటన్ సైకిల్ మార్గాల సంస్థ సస్ట్రాన్స్ ఆ పారల పనిలోంచే ఎదిగింది.

అమెరికా చట్టం చేసింది. అక్కడ చాలాచోట్ల రైల్వేకు నేల మీద ఉన్నది దారి హక్కే. రైలు ఆగితే నేల పక్క ఆసాముల పాలవుతుంది. 1983లో చట్టానికి ఒక సవరణ తెచ్చారు. రైలు ఆగినా, కట్టను బాటగా వాడుతూ ఉన్నంతకాలం దాన్ని రైలు దారిగానే లెక్కిస్తారు. ఏనాటికైనా రైలు కావాలంటే మళ్లీ పట్టాలు వేసుకోవచ్చు. భూమి యజమానులు కోర్టుకెక్కారు. 1990లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెడుతూనే, నష్టపరిహారం అడిగే హక్కు వాళ్లకు ఉందని చెప్పింది. న్యాయమైన మాట. స్పెయిన్ ఇలాంటి బాటలు 1993లో మొదలుపెట్టి 3 వేల కిలోమీటర్లు దాటింది. అందులో అండలూసియా కొండల్లోని 36 కిలోమీటర్ల దారిలో 30 సొరంగాలున్నాయి. చిత్రమేమిటంటే ఆ దారిన ఒక్క రైలూ ఎన్నడూ నడవలేదు. కట్టడం పూర్తి కాకుండానే డబ్బు అయిపోయింది. సైకిళ్లే దాని తొలి ప్రయాణికులు.

కట్టను కాపాడితే రైలుకే మేలని మన కోనసీమ వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కుపోయారు. పట్టాలు మళ్లీ పరిచి రైలు నడిపేసరికి 2004. అరవై ఏళ్లకు పైగా ఒక ప్రాంతం రైలు కోసం ఎదురుచూసింది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి దాని కోసం పట్టుబట్టారు, తీరా రైలు వచ్చేనాటికి ఆయన లేరు.

మన దగ్గర మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్ చేసినప్పుడు చాలాచోట్ల పాత కట్ట మీదే కొత్త పట్టాలు పడ్డాయి. కాబట్టి ఒటాగో అంత పొడవున ఖాళీ కట్ట మనకు ఉండదు. కానీ దారి పక్కకు జరిగిన చోట్లున్నాయి. నల్లమలలో నంద్యాల–గిద్దలూరు మధ్య దొరబావి వంతెన మీదుగా మీటర్ గేజ్ రైలు వెళ్లేది. బ్రాడ్ గేజ్ వచ్చాక రైలు ఆ వంతెనను వదిలి వేరే దారి పట్టింది. అక్కడ సైకిళ్ల గుంపులను దించమని మాత్రం నేను అనను. అది పులులు తిరిగే అడవి, మనిషి తగ్గడమే దానికి మంచిది. నేను కోరేది అంతకంటే చిన్నది. ఒక లైను మూసేటప్పుడో, మలుపు సరిచేసి పాత కట్టను వదిలేటప్పుడో, వేలం పిలవక ముందు ఆ పట్టీ మొత్తాన్ని ఒకే దస్తావేజు కింద ఒక ప్రభుత్వ శాఖకు అప్పగించాలి. బాట వేస్తారా, చెట్లు పెంచుతారా, పైపు లైను వేస్తారా, మళ్లీ రైలే తెస్తారా అన్నది తర్వాత తరం తేల్చుకుంటుంది. ముక్కలు చేసి అమ్మితే వాళ్లకు తేల్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఒకసారి పోగొట్టుకున్న కట్టను తిరిగి సంపాదించడం ఎంత కష్టమో ఒటాగోలోనే చూడొచ్చు. ఆ లైను అసలు చివర క్లైడ్ కాదు, క్రామ్‌వెల్. ఆనకట్ట కోసం క్లైడ్ అవతలి ముక్కను 1980లోనే మూసేశారు. 1990ల మొదట్లో డన్‌స్టన్ సరస్సు నిండినప్పుడు గండిలోని ఆ దారి, క్రామ్‌వెల్ పాత బజారులో కొంత భాగంతో పాటు, నీళ్ల కిందికి పోయింది. రైల్ ట్రయిల్ పేరు తెచ్చుకున్నాక క్రామ్‌వెల్ వరకు బాట కావాలన్నారు. కట్ట లేదు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క నిట్టనిలువు రాయి. కొండ చరియకు మేకులు దిగగొట్టి, నీటి మీదికి చొచ్చుకొచ్చేలా వంతెనలు వేలాడదీశారు. రైలు వాలు లేదు కాబట్టి నిటారు ఎక్కుళ్లు, జిగ్‌జాగ్ మలుపులు తప్పలేదు. 2021 మేలో డన్‌స్టన్ సరస్సు బాట తెరిచారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. తొక్కేవాడి కాళ్లకు మాత్రం, క్లైడ్ వరకు వచ్చిన దారికీ అక్కడి నుంచి మొదలైన దారికీ తేడా మొదటి ఎక్కుడులోనే తెలిసిపోతుంది.